ఖాళీ బండి తూకం

చిత్తూరు దాటినాక బంగారుపాళ్యం రోడ్డులో
గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన
రాత్రి కాటా నాది.
జూన్ నెలంతా తోతాపురి లోడ్లు.
లారీ ఎక్కతాది, ఎర్రంకెలు వణికి వణికి నిలబడతాయి,
చీటీ కొడతాను.
సరుకు దించేసి మళ్ళా వస్తాది,
ఇంగో చీటీ.
మొత్తంలోంచి ఖాళీ బండి పోతే నికరం.
పదకొండేండ్లుగా నాకు తెలిసిన లెక్క ఇదొక్కటే.

రెండు లారీల నడమ కునుకు.
కునుకులో ఏదొస్తే అది
పాత చీటీల వెనకాల రాసుకుంటాను,
కార్బన్ మసి వదలని వేళ్ళతో.

"పండ్లు రాలిపొయినాయి. వొళ్ళో పడినాయి.
టెంకల మాదిర పీచు ఉండాది వాటికి."

"ఏనుగు. మా వంటింట్లో.
సంగటి అడగతా ఉండాది."

"నీవా ఏరు పొంగి కాటా మీదికొచ్చేసినాది.
తూకం చెప్పమంటే చెప్పలేకపోయినాను."

మా జేజికి పంచాంగం అక్కర్లేదు.
పండ్లు రాలితే ఇంట్లో ఎవురో పోతారు.
చావు కనపడితే పెండ్లి, పెండ్లి కనపడితే చావు.
ఏనుగొస్తే లక్ష్మి.
"మరి సంగటి అడిగితే?" అన్నాను.
రవంతసేపు వక్కాకు నమిలి
"పెట్టినావా లేదా?" అనింది.
కుండ దాచేసినానని చెప్పినా.
"అయితే మళ్ళా వస్తాదిలే."

వాచ్‌మన్ దొరవేలు ఫోన్లో వెతికినాడు.
నీళ్ళంటే మనసంట అక్కా, పొంగితే కోపమంట.
అందరి నీళ్ళూ ఒకటేనా అబ్బయా?
నా కలలో నీళ్ళకి
కుళ్ళిన మామిడి తొక్కల పులుపు వాసన.
పైగా ఎండి ఇసక తేలిన ఆ ఏటికి
ఎవురు పెట్టినారో గాని ఆ పేరు,
పిలిస్తే చాలు, అడిగినట్టుంటాది:
నీవా?

పండ్ల సంగతి మాత్రం నాకే తెలిసిపోయింది.
మా పక్క పండ్లంటే రెండూ పండ్లే,
నోట్లోవీ, చెట్టు మీదవీ.
రేటు పడిపోయిన ఏడు
టన్నుకింత తరుగు కోసి రాయమన్నారు.
రాసినాను.
ట్రాక్టరు దిగొచ్చిన ముసలాయన
కిటికీ కాడ నిలబడి
"నీ కాటా నిజమే చెప్తాదా మ్మా" అంటే
నోరు తెరవలేదు.
తెరవని నోట్లో ఉన్నా ఒకటే, వొళ్ళో ఉన్నా ఒకటే.

మొన్న రాత్రి లారీ లేదు కలలో.
ఇనప రేకు మీద నేనే, ఉత్త కాళ్ళతో.
పగటి ఎండ ఇంగా చల్లారలేదు దాంట్లో.
అంకె సున్నా.
ఎగిరి దూకినాను. సున్నా.
దిగినాను.
మైనస్ యాభై.

కాటా తెలిసినోళ్ళకి ఇదేం మర్మం కాదు.
మనిషి మీదుండంగా సున్నా నొక్కితే అంతే.
ఉన్నంతసేపూ ఉన్నట్టు తేలదు,
దిగినాకనే తక్కువ పడతాది.

ఎవురు నొక్కినారు?
చీటీ వెనకాల మా నాయన పేరు రాసి కొట్టేసినా.
మొగుడి పేరు రాసినా. అదీ కొట్టేసినా.
సూపర్వైజరు పేరు సగం రాసి ఆగినా.
గుర్తొచ్చింది.
కలలో ఆ బొత్తాం మీద
నల్లగా ఒక వేలిముద్ర ఉండాది,
కార్బన్ మసి.

తెల్లారి నాలుగు.
అరకొండ పక్కనుంచొచ్చిన లారీ గేటు కాడ ఉరుముతా ఉండాది.
"దొరవేలూ, ఇట్లొచ్చి ప్రింటు నొక్కు" అని
చెప్పులిడిచి కాటా ఎక్కినాను.
"ఏందక్కా ఇది" అంటానే నొక్కినాడు.
యాభై అంట.
పదుల్లోనే చూపిస్తాది ఆ మిషను,
నలభై ఎనిమిదుంటానో, యాభై రెండో.
బండి నెంబరు కాడ మొగిలీశ్వరి అని రాసినా.
సరుకు కాడ ఏం రాయాలో తోచలేదు.
లారీవోడు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

ఏనుగు సంగతి ఇంగా తేలలేదు.
ఈ పొద్దు డబ్బాలో
సంగటి ముద్ద ఒకటి ఎక్కువే పెట్టుకొచ్చినాను.