పాడ్‌కాస్ట్, ఒకటో భాగం

ఆటోనగర్‌లో ఆదివారం. షెడ్డుకి సగం షట్టర్.
బోర్లించిన పెయింట్ డబ్బా మీద నా ఫోను,
ఎదురుగా స్టూలు మీద ఖాజావలి మామ,
ముప్పైఎనిమిదేళ్ళు లారీ రేకులు సాపు చేసినోడు.

కరెంటు బిల్లు వెనక రాసుకున్న ప్రశ్న అడిగా:
"ఈ పనిలోకి ఎట్టా వచ్చావు?"
"ఆఁ?"
గట్టిగా అడిగా. ఇంకా గట్టిగా.
పక్క షెడ్డు కుక్క జవాబు చెప్పింది.

మామ లేచి, పాత క్యాబిన్ డోరు మీద
సుత్తితో రెండు దెబ్బలు. ఆగి, ఇంకోటి.
"ఇదిగో, ఇక్కడ రేకు ఏడుస్తంది. ఇక్కడ లేదు. ఇన్నావా?"
నాకు రెండూ ఒకటే.
పదకొండేళ్ళుగా నేనూ టింకరునే.

రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నా.
చప్పుడు తీసెయ్యమంటావా అని ఫోను అడిగింది.
వద్దన్నా.
ఎడమ చెవిలో మామ గొంతు కాస్త తగ్గింది.
అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూశా.
మళ్ళీ ఎడమే.