పై చుక్క, కింద చుక్క

రాజోలు బస్టాండు వెనక మా జిరాక్స్ కొట్టు.
కరెంటు పోయి వచ్చి
స్కానరింకా గొంతు సవరించుకుంటుంటే
సన్నాయి సూర్యచంద్రం గారు
తువ్వాల్లో చుట్టిన పుస్తకం బల్ల మీద పెట్టారు.

కొబ్బరి కొట్టు చిట్టా అది.
ఒక వైపు మేనమామ రాసుకున్న వర్ణాలు,
రెండో వైపు
ముదురు కాయ నాలుగొందలు, కురిడీ అరవై,
దింపు కూలి బాకీ.

మూత కింద వెలుతురు గీత జరిగేసరికి
వెనక సిరా ముందుకొచ్చింది.
గాంధారం ఒళ్ళో కురిడీలు.
పేజీ అద్దం కన్నా పెద్దది,
రెండు ముక్కలుగా తీసి తెర మీద అతికిస్తే
అతుకు దగ్గర ధైవతం రెండుసార్లు పడింది.
చెరిపేశాను. ఆయన చూడలేదనుకున్నాను.

అడుగున ఎనభై ఆరు వరద గీత,
టీ రంగులో, ప్రతి పేజీకీ ఒకే ఎత్తున.
ఇన్నేళ్ళూ తియ్యని గోదారి
మూడు నొక్కులకి తీసేసింది.
మచ్చలు తుడిచే బటన్ కూడా నొక్కాను.
శుభలేఖంత తెల్లగా వచ్చింది.

ఆయన కళ్ళజోడు దింపుకుని
బల్ల అంచు మీద లేని రంధ్రాలు మూస్తూ తెరుస్తూ చదివారు.
మూడో వరసలో వేళ్ళు ఆగాయి.
"చుక్కలేవమ్మా?"

మచ్చలనుకున్నానండీ.

"నెత్తిన చుక్కుంటే పై షడ్జమం, కాళ్ళ కిందుంటే మంద్రం.
చుక్క లేకపోతే అందరూ నడిమింట్లోనే కూర్చుంటారు.
కామాలూ తుడిచేశావు,
అక్కడ కదా నేను ఊపిరి తీసుకునేది."

మళ్ళీ మొదలు.
పేజీ వెనక నల్ల అట్ట పెడితే కాయల లెక్క అణిగింది.
వరదని ఉండనిచ్చాను.
ఒక్కో చుక్క దగ్గరా ఆగి అడగడమే,
ఇది స్వరమా, ఈగదా?
"స్వరం." "ఈగ." "ఈగ." "స్వరం."
చివరి పేజీలో ఒకదాన్ని రెండు రకాలుగా వేళ్ళతో వాయించి చూసి
"అడగడానికి మావయ్య లేడు. ఉంచెయ్" అన్నారు.

మేళం కుర్రాళ్ళ ఫోన్లకి చిన్నది,
తెల్లారుజాము ముహూర్తాల్లో ఆయన చూపుకి
నూట నలభై ఒక్క శాతం.
వేడి వేడి కాగితం మీద మినపగింజంత చుక్కలు.
సఖినేటిపల్లి బస్సు కేకేస్తే
చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళారు.

తరవాత ఎవరో ఆధార్ కార్డిచ్చారు.
కాపీలో ఆయన నెత్తిన
అదే చుక్క.

అద్దం మీద గోరుతో గీకాను. వచ్చేసింది.
ఫోను చేస్తే ఎత్తలేదు.
బస్సు చప్పుడులో వినపడదు,
వేళ్ళు కూడా ఖాళీగా ఉండవు.