మేక నీడ

లాము దీవిలో మా సందు ఎంత ఇరుకంటే
ఎదురొచ్చిన గాడిదకి
గోడకి అతుక్కుని దారివ్వాలి.
ఆ సందులోనే నా కుట్టుమిషను.
జంటగా వచ్చే కంగా బట్టల్ని
నడిమికి కత్తిరించి, అంచులు మడిచి కుడతాను.
ప్రతి కంగాకీ కిందంచున ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది.
ఇరవయ్యేళ్లుగా ఆ వాక్యం మీదికి
సూది పోకుండా చూసుకున్నాను.
చదివానని మాత్రం చెప్పలేను.

మా మ్వనైషాకి ఎనిమిదేళ్లు.
పుస్తకం తెరిస్తే దాహమేస్తుంది,
దాహం తీరితే కడుపు నొప్పి.
"అక్షరాలన్నీ వచ్చు, చదవడమే రాదు" అని
టీచరమ్మ చీటీ పంపింది.
పేజీకో మందాజీ ఇస్తానన్నాను.
మూడు తిని, నాలుగో పేజీ దగ్గర
ఆకలి లేదంది.
కసిరాను.
ఆ రాత్రి పుస్తకం మంచం కిందికి పోయింది,
వారం తిరిగేసరికి అందులో చీమలు కాపురం పెట్టాయి.
"చీమలైనా లోపలికెళ్లాయి, నయం" అంది మా ఆవిడ.

సలామాకీ, పక్కింటి బినమ్కూకీ
వాననీళ్ల పీపా దగ్గర మాటలు లేక రెండు నెలలు.
ఒక సాయంత్రం సలామా వచ్చి
పదకొండు కంగాలు విప్పించి
పన్నెండోది చూసి నవ్వింది.
మర్నాడు అది చుట్టుకుని
బినమ్కూ గుమ్మం ముందు నుంచి
తాపీగా నడిచింది.
ఏడుసార్లు.
ఏడోసారికి తలుపు ధడాలున మూసుకుంది.

"నాన్నా, ఆ బట్ట మీద ఏముంది?"
చెబుదామనుకున్నాను గానీ
నోటినిండా గుండుసూదులు.
అదే మంచిదైంది.

పిల్ల గడప దిగింది.
"పొరుగింటి పొగ లెక్కపెట్టేవాళ్లకి"
అక్కడొక మడత.
మిగతా సగం సలామా నడుం చుట్టూ దాక్కుంది.
వెనకే పడింది మ్వనైషా,
మసీదు మలుపు, కొబ్బరి పీచు బండి,
చేపల బజారు దాకా,
పెదాలు కదుపుకుంటూ.
ఉల్లిపాయలు ఏరడానికి సలామా వంగినప్పుడు
మడత విడింది:
"సొంత కుండ మాడిన వాసన రాదు."

పరుగెత్తుకొచ్చింది,
ఆ మాట తనే కనిపెట్టినంత గొప్పగా.

నాలుగో రోజు బినమ్కూ జవాబు చుట్టుకుంది.
ముందుగా చదివింది మా పిల్లే,
సందంతటికీ చాటిందీ మా పిల్లే.
తిట్లు తిన్నది నేను.

ఇక ఏ వీపునీ వదల్లేదు.
పడవరేవులో, పెళ్లింట్లో, ఆఖరికి
ఒక చావింట్లో కూడా
ముసలామె వెనక మోకాళ్ల మీద కూర్చుని...
ఆమె తిరిగి చూసి
కొంగు సరిచేసింది,
పిల్లకి బాగా కనబడేట్టు.

మంచం కింది పుస్తకం దులిపి
ఒకరోజు తనే తెచ్చింది నా దగ్గరికి.
"ఈ మాట ఎవరు, ఎవర్ని అంటున్నారు?"
నాకూ తెలీదు.
మిషను ఆపి ఇద్దరం వెతికాం.
రెండు పేజీలు వెనక్కి పోవాల్సొచ్చింది.
ఆ పూట ఒక జాకెట్టు ఆలస్యమైంది.

మొన్న మొంబాసా నుంచి కొత్త మూట దిగింది.
మా భాషలో బావోబాబ్ చెట్టుకీ మేకకీ
ఒక్క అక్షరమే తేడా.
అచ్చువాడు ఆ ఒక్కటే తప్పాడు.
"మహావృక్షమా, నీ నీడే నా ఇల్లు" అనాల్సిన చోట
"ఓ మేకా, నీ నీడే నా ఇల్లు."
ఆరు కుట్టేశాను, గమనించకుండా.
ఏడోదాని మీద మ్వనైషా
దొర్లి దొర్లి నవ్వింది.
ఎక్కిళ్లు వచ్చాయి. నీళ్లు ఇచ్చాను,
ఈసారి నిజం దాహమే.

సరుకు వాపసు పంపమన్నారు.
ఒకటి మేం కొనుక్కున్నాం.

రాత్రి కరెంటు పోయింది.
పిల్ల ఆ కంగా తలమీదుగా కప్పుకుంది.
లోపల టార్చి వెలుగుతోంది,
గుడ్డమీది అక్షరాలు
దీపంలా కనబడుతున్నాయి బయటికి.
"పడుకుందా?" అంది మా ఆవిడ.
"లేదు, మేక నీడలో ఉంది."

చీమలు కొన్ని ఇంకా అట్టలోనే ఉన్నట్టున్నాయి.
గోక్కుంటోంది, పేజీ తిప్పుతోంది.
నోట్లో సూదులు లేకపోయినా
నేనేం మాట్లాడలేదు.