మోకాలి సాక్ష్యం

సుండ్స్‌వాల్‌లో ఆ రోజు మధ్యాహ్నం రెండింటికే చీకటి పడింది.
నేను దుబాసీని.
గంటకింతని నా నోటికి అద్దె.
ఆ నోట్లో సొంత మాట ఉండకూడదని
కాగితం మీద సంతకం పెట్టినదాన్ని.

బల్లకి అటు గున్‌వోర్, చల్లారిన కాఫీ,
దరఖాస్తులో ఖాళీగా ఒక గడి.
ఇటు ఇవజ్. నూనూగు మీసం.
అది గొరుక్కుని రావాల్సిందని
తర్వాతెవరో చెప్పారట వాడికి.

ఎప్పుడు పుట్టావు?
జల్దారు పూత మంచుకి మాడిపోయిన ఏడు,
తోడేలు దొడ్లోకి దూకిన చలికాలం దాటాక,
మల్బరీ పళ్లు రాలే రోజుల్లో. అమ్మ చెప్పింది.

మల్బరీ మా కొండ కింద ఒకప్పుడు రాలుతుంది,
పైన ఇంకొకప్పుడు.
అది చెప్పడం నా పని కాదు.
"ఎండాకాలంలోనట" అన్నాను.
రాసుకుంది.
పండు నా నాలుక మీదే ఉండిపోయింది.
మరక పోలేదు.

సంవత్సరం?
మా లెక్కకి ఆరువందల ఇరవై ఒకటి కలపాలి,
కొన్ని నెలలకైతే ఇరవై రెండు.
బల్ల కింద వేళ్లు మడిచాను.
ఒక్క వేలు అటూ ఇటూ అయితే వాడు పెద్దమనిషి.
ఏడు అడిగితే ఏడుపొచ్చింది వాడికి.
అది తర్జుమా చేయలేదు.

గున్‌వోర్ చెడ్డది కాదు.
బల్ల మీద ఆమె కొడుకు ఫోటో ఉంది,
పుట్టిన నిమిషంతో సహా తెలిసిన కొడుకు.

తర్వాతి వారం పళ్లు.
కుర్చీ వెనక్కి వాల్చి నోరు తెరవమన్నారు.
తెరిచి, నవ్వాడు. ఎందుకని అడిగారు.
"సంతలో నాన్న గొర్రెని ఇలాగే పట్టుకునేవాడు,
దవడ కింద బొటనవేలు పెట్టి.
రెండు పళ్లకి ఒక ధర, నాలుగు పళ్లకి ఒక ధర.
కానీ కరువులో పెరిగిన గొర్రెకి పళ్లు అబద్ధమాడతాయి.
అందుకని మేపినవాణ్ణి కూడా అడిగేవాడు."
డాక్టరుకి ఆ మాట బాగా నచ్చింది.
జ్ఞానదంతం వేర్లు పూర్తయ్యాయని రాశాడు.

ఆ పై వారం మోకాలు.
బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టొద్దంటారు.
ఇక్కడ మోకాలికీ అమ్మ మాటకీ పెట్టారు.
లాగితే, తెగింది మాటే.

సొరంగం లాంటి యంత్రం. పెద్ద చప్పుడు.
కదలొద్దని చెప్పండి, అన్నారు.
కదలొద్దన్నాను.
లారీ అడుగున పడుకున్న రాత్రి కూడా
ఎవరో ఈ మాటే, ఈ భాషలోనే చెప్పారట.

తొడ ఎముక చివర ఎదుగుదల గీత ఒకటి ఉంటుంది.
మూసుకుపోతే మనిషి అయిపోయినట్టు.
మూసుకుపోయిందన్నారు.
"పద్దెనిమిది నిండి ఉండవచ్చు" అని నివేదిక.
ఆ "వచ్చు"ని గాజుగిన్నెలా పట్టుకుని
వాడి చెవి దాకా తీసుకెళ్లాను.
నిర్ణయం ఉత్తరంలో అది లేదు.
నిండాయి, అని ఉంది.
పుట్టినరోజు కూడా వాళ్లే ఇచ్చారు: జనవరి ఒకటి.
మల్బరీ చెట్టు మీద ఆకు కూడా ఉండని రోజు.

మంగళవారం పొద్దున పిల్లల హాస్టల్లో పాలు తాగాడు.
సాయంత్రానికి పెద్దల బ్యారక్‌లో పై మంచం.
వానకి లేచే పుట్టగొడుగు తప్ప
అంత తొందరగా ఎవరు పెరుగుతారు?

ఏప్రిల్లో బస్‌స్టాప్ దగ్గర కనిపించాడు.
అక్టోబర్లో వాళ్లిచ్చిన నల్ల ప్యాంటే.
అప్పుడు పొడుగైందని అంచు మడిచి కుట్టుకున్నాడు.
ఇప్పుడు కుట్లు విప్పేశాడు,
పాత మడత గీత తెల్లగా కనిపిస్తోంది.
అయినా చీలమండకి నాలుగు వేళ్లు పైనే.
సాక్స్‌కీ ప్యాంటుకీ నడుమ
చలికి కమిలిన కాలు.

ఆ నాలుగు వేళ్లనీ ఏ భాషలోకి తిప్పను?
ఎవరి బల్ల ముందు?
"బాగున్నా అక్కా" అన్నాడు, నేనడక్కుండానే.

బస్సొచ్చింది.
పిల్లల టికెట్టా, పెద్దల టికెట్టా అన్నాడు డ్రైవరు.
ఆ పాటి స్వీడిష్ వాడికొచ్చు.
అయినా నా వైపు తిరిగాడు,
చెప్పమని.