గుంట

మ్యూజియం తాళాలు నా చేతిలో పెడుతూ
దేముడు బాబాయి ఒక్క సీసా దగ్గరే ఆగాడు.
"దీని మూత మాత్రం తియ్యకే నూకాలూ.
ఎవులో ఓడ సరంగు తెచ్చిచ్చాడంట,
ఏ దేశం కప్పో నానెరగను."

ముక్కోణం తల. కంటి మీద చిన్న కొమ్ము.
వీపు మీద బఠాణీల్లా గుడ్లు.
శనివారం శనివారం దుమ్ము తుడుస్తూ లెక్కపెట్టేదాన్ని:
పందొమ్మిది.

నీళ్లలో పెట్టదట గుడ్లని.
తోకకప్ప అనే వయసే లేదట దాని పిల్లలకి,
గుడ్డులోంచి నేరుగా నాలుగు కాళ్లతో దిగడమే.
అందాకా మొప్పలు తీగలై
తల్లి తోలుని పట్టుకునుంటాయట.
సుగుణ మేడం ఫస్టియర్ వాళ్లకి చెబుతుంటే
చీపురుతో తలుపు పక్క నిలబడి విన్నాను.

మా వైపు గుంట అంటే నీటి మడుగు.
గుంట అంటే ఆడపిల్ల కూడా.
రెండు గుంటల్నీ ఒక్క వీపు మీదే
మోసిందన్నమాట ఇది.

తుపాను వెళ్లిన మూడోనాడు కాలేజీకి బయల్దేరాను.
కంచరపాలెం నుంచి దారి పొడుగునా చెట్లే అడ్డం.
బడి లేదు, కరెంటు లేదు,
మా గుంటని ఉప్పుమూట ఎక్కించుకుని
కొమ్మలు దాటి, తీగలు దాటి, కొండెక్కాను.

కిటికీలు లేవు.
నేలంతా గాజుపెంకులు, ఫార్మలిన్ కంపు,
దాని మీద సముద్రపు ఉప్పుజిడ్డు.
పాము సీసా పోయింది. నక్షత్రచేప
తలుపు మూల ఎండి కరకరలాడుతోంది.
కప్ప సీసా బల్ల కింద దొరికింది,
మూత బిగువు సడల్లేదు.
వీపు మీద పద్దెనిమిది.
ఒకటి ఊడి అడుక్కి చేరింది.

స్టాకు రిజిస్టర్లో రాశాను:
కప్ప ఒకటి. గుడ్లు పందొమ్మిది.
ఎక్కడున్నాయని అందులో గడి లేదు.

నా గుంట సీసాకి ముక్కు ఆనించి
చాలాసేపు చూసింది.
"దీనికి ఈపు నొప్పెట్టదేటే అమ్మా?"

జవాబు తోచక సీసా కొంచెం వంచాను.
ఊడిన గుడ్డు మెల్లగా దొర్లి
వీపుకి ఆనింది.
నిలబెట్టగానే జారిపోయింది.

కొత్త కిటికీలు బిగించి ఏళ్లయింది.
గుంట ఇప్పుడు నా భుజం దాటి ఎదిగింది,
సిటీ బస్సులో ఒక్కతే పోతుంది.
సాయంత్రం తాళం వేసేముందు
ఇప్పటికీ ఓసారి వంచుతాను.