సేరు తవుడు

గంటస్తంభం దాటి కోట వైపు తిరిగే సందులో
గడియారాలకీ పెన్నులకీ కలిపి ఒకటే బడ్డీ.
బల్ల మీద నూనెగుడ్డ, గుడ్డ మీద అది.
నల్లగా, లావుగా, మూతకి బంగారు వలయం,
పాళీ మీద సన్నగా అయిదు ఎనిమిది అయిదు.

నేను విజయనగరం కోర్టు గేటు బయట టైపిస్టుని.
పేజీకి ఇరవై.
ఒకరు ఔనన్నదీ ఒకరు కాదన్నదీ
పొల్లుపోకుండా కొట్టినదాన్ని.
నా మిషనుకి ఖ విరిగి ఆరేళ్లు.
దాఖలులో ఖ, ఖరీదులో ఖ, ఖాళీలో ఖ,
అన్నీ చేత్తో దిద్దుతాను.
నా చేతికి మిగిలిన రాత అంతే.

కొత్తదైతే అరవై వేలట.
చీటీ పాడిన పదివేలు
బ్యాగు లోపలి జిప్పులో ఉన్నాయి,
ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తవిటయ్య అమ్మేవాడిలా మాట్లాడడు.
ముందు తప్పులే చూపించాడు.
"ఇదిగోనమ్మా, మూత అంచున పగులు, ఎంట్రుకంత.
పెరగదు, అలగని అతకదు కూడాను.
పాళీ ఓ పక్కకి అరిగిపోనాది.
బొబ్బిల్లో రిజిస్ట్రారు గారిది, పుర్రచెయ్యి ఆయనది.
ఎవుల సెయ్యికి మరిగిన పాళీ ఆల మాటే ఇంటాది."
వెనక మర తిప్పి నీళ్లు పీల్పించాడు.
చుక్క కారలేదు.

"ఎంత?"
"ఎనిమిదివేల ఆరొందలు."

బేరమాడకుండా కొంటే ఆ పూట నాకు అన్నం సయించదు.
ఆరున్నర అన్నాను,
సెల్లులో ఇలాంటి పాతదే పదిహేడు వేలని
చూసొచ్చి మరీ.

కోప్పడలేదు.
అగ్గిపెట్టె చింపి లోపలి అట్ట మీద రాశాడు:
రిజిస్ట్రారు గారి ఇల్లాలికి ఏడువేలు,
లోపలి రబ్బరు నూట ఎనభై,
బొబ్బిలి రెండుసార్లు, బస్సూ టీ, రెండొందల ఇరవై,
నాలుగు సాయంత్రాలు
అని రాసి ఆపేశాడు.
అట్ట నా వైపు తోశాడు.
"దీనికి ఎంత ఎయ్యమంటారో మీరే ఎయ్యండి."

పేజీల లెక్కయితే నాకు తెలుసు.

నేను ఆలోచిస్తున్నంతసేపూ
ఒక గడియారానికి కీ ఇస్తూ చెప్పాడు.
"నా పేరెందుకొచ్చిందో ఎరుకేటి?
నాకు ముందు ముగ్గురు పోనారు.
నన్ను సేటలో ఎట్టి గుమ్మం ఇవతలికి తెచ్చి
పక్కింటి గౌరమ్మకి అమ్మీసింది మాయమ్మ,
సేరు తవుడికి.
ఆ పూటే మల్లీ కొనుక్కుంది."
"ఎంతకి?"
"అదే సేరు. గౌరమ్మ లాభం ఏసుకోలేదు."

నాకు సాయంత్రానికి పదిహేను పేజీలు పడితే గొప్ప.
పదిహేను ఇరవైలు మూడొందలు,
నాలుగు సాయంత్రాలకి పన్నెండొందలు.
వేశాను.
వేశాక గానీ కూడి చూసుకోలేదు,
అతను మొదట చెప్పిందే వచ్చింది.

సిరా నింపి చేతికిచ్చాడు.
ఏం రాయాలో తోచక
చెయ్యి దానంతటదే ఖ అని దిద్దింది.
పాళీ మొదటి వంపులోనే గీరుకుని మొరాయించింది.
"అరగదీసి సరి సేసీమంటారా? ఊరికినే."
వద్దన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.
కాగితం కాస్త ఒరిగించాను,
మోచెయ్యి బల్ల అంచు నుంచి దించాను,
ఎవరో ఖాళీ చేసిన గదిలో మంచం జరుపుకున్నట్టు.

రసీదు నేనే రాశాను.
ఖరీదు అన్నచోట ఇంకోసారి గీరింది.
తవిటయ్య అన్నచోట మాత్రం
ట గుండ్రంగా, తడిగా,
ఎక్కడా ఆగకుండా తిరిగింది.

కింద సంతకం పెట్టమని పెన్ను అందిస్తే
చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
"అమ్మీసేను కదమ్మా" అని
జేబులోంచి అయిదు రూపాయల బాల్‌పెన్ను తీసి,
రెండుసార్లు విదిలించి,
పెట్టాడు.