పొలమారితే

పొలమారితే
ఎవరో తలుచుకుంటున్నారంటారు గదా,
ఆ లెక్కన పదకొండేళ్ళుగా
నన్ను తలుచుకోని పూట లేదు ఈ గుంటూరులో.

నాలుగో ముద్ద. ఎప్పుడూ నాలుగోదే.
మొదటి మూడూ రొమ్ము ఎముక వెనక
శ్యామలానగర్ గేటు పడితే ఆగిన ఆటోల్లా
ఒకదాని వెనకొకటి నిలబడి ఉంటాయి.
నాలుగోది వచ్చి హారను కొడుతుంది.
అప్పుడు లేస్తాను.
భుజాలు వెనక్కి విరిచి, మెడ చాచి,
నీళ్ళు ఒక గుక్క. ఆగి, ఇంకో గుక్క.
లోపల గుడగుడమని ఏదో కదులుతుంది.
"దిగిందే" అంటుంది పక్కనున్న మరియమ్మ,
నాకంటే ముందు తనకే వినబడుతుంది.

మిర్చి యార్డు వెనక షెడ్డులో
తొడిమలు తీసేవాళ్ళం ఇరవై మందిమి.
క్యారేజీలు విప్పితే
వాళ్ళు తిని, కడుక్కుని, ఆకూవక్కా వేసుకుని,
గోతాల మీద కునుకు తీసి లేచేసరికి
నేనింకా మజ్జిగన్నంలోనే.
మేస్త్రీ మొదట్లో గొణిగేవాడు.
ఇప్పుడు నా కుప్ప మీద పట్టా కప్పి
"నిదానంగా కానీవే సువార్తా" అంటాడు.
ఘాటుకి అందరం దగ్గుతాం అక్కడ.
ఆ దగ్గుల్లో నా దగ్గు దాక్కుంటుంది.
అందుకే ఆ పని మానలేదేమో.

మా అమ్మ రోజుల్లో మింగ మెతుకు లేదు.
అన్నం నాకు పెట్టి, గంజి తను తాగి
నువ్వన్నా కడుపు నిండా తినే రోజు రావాలే అనేది.
వచ్చిందమ్మా.
డబ్బా నిండా బియ్యం.
మెతుకుంది, మింగడమే లేదు.

పెద్దాసుపత్రిలో సున్నప్పాల లాంటి మందు తాగించి
చీకటి గదిలో నిలబెట్టారు.
తెర మీద నా లోపల
ఆ ధార దిగుతూ దిగుతూ
పిట్ట ముక్కులా సన్నబడి ఆగిపోయింది.
కింద తలుపుంటుంది,
తెరుచుకోవడం మరిచిపోయింది, అంది చిన్న డాక్టరమ్మ.
ఎందుకు మరిచిపోయిందమ్మా?
నా చీటీ వైపు కాసేపు చూసి, తెలీదు, అంది.
ఆ ఒక్క మాట మాత్రం తేలిగ్గా దిగింది.
అంతకుముందు అందరికీ తెలుసు మరి.
గ్యాసన్నారు, దిష్టన్నారు,
మింగలేక కక్కలేక ఉన్నదేదో
చెప్పెయ్యరాదూ, అంది మా ఆడబిడ్డ.
ఉన్నవన్నీ చెప్పేశాను. ఆమె గురించి కూడా.
ముద్ద కదల్లేదు.

రెండుసార్లు బుడగ పెట్టి సాగదీశారు.
మొదటిది ఏడాదిన్నర ఆగింది, రెండోది ఏడు నెలలు.
ఆ ఏడు నెలల్లో
కొత్తపేట బండి దగ్గర నిలబడి
పునుగులు తిన్నాను, వేడివేడివి,
ఎవరూ నా గొంతు వైపు చూడకుండా.

మంచం తలాపు కోళ్ళ కింద ఇటుకలు.
రాత్రంతా మాయన కాళ్ళ వైపుకి జారిపోయి
తెల్లారి మళ్ళీ పైకి పాకుతాడు.
ఇటుకలు తీసేద్దామని ఏనాడూ అనలేదు.

నెలకో ఆదివారం రొట్టె ముక్క.
గోరంత. అదీ ఆగుతుంది ఒక్కోసారి.
అందరూ కళ్ళు మూసుకుంటే
నేను కళ్ళు తెరిచి, నిటారుగా కూర్చుని
కాస్త జరగవయ్యా ప్రభువా
అని బతిమాలుతుంటాను.
పాస్టరమ్మ కనిపెట్టింది.
ద్రాక్షరసం గిన్నె నా దగ్గర ఇంకాసేపు ఆపుతుంది.

నిన్న రాత్రి జావ తాగుతుంటే పొలమారింది.
మా చెల్లెలి కూతురు కెజియా, ఆరేళ్ళది,
పరిగెత్తుకొచ్చి నా మాడు మీద తట్టి
పేర్లు చెప్పు పెద్దమ్మా, అసలు పేరు వస్తే ఆగిపోద్ది, అంది.
దగ్గు సందుల్లోంచి చెప్పుకుంటూ పోయాను.
మరియమ్మ. మేస్త్రీ. డాక్టరమ్మ. పోయిన మా అమ్మ.
పునుగుల బండి అబ్బాయి, పేరు తెలీదు.
ఏ పేరు దగ్గర ఆగిందో
ఇద్దరం చూసుకోలేదు.
జావ చల్లారిపోయింది.
వెచ్చబెట్టుకొచ్చి, నిలబడి,
మళ్ళీ మొదటి గుక్క.